గేటుకు కట్టాలా, కిలోమీటరుకు కట్టాలా? మన గూళ్ళ బండికి ఏ లెక్క మేలు



ఎప్పుడూ ఆకు, పురుగు, గూళ్ళ ధర గురించి రాసే మేము ఈసారి రోడ్డు గురించి రాస్తున్నాం. గూళ్ళు మార్కెట్టుకు పోయిన ప్రతిసారీ మన గ్రూపులో ఒకే వాదన లేస్తోంది. టోల్ గేటు దగ్గర కట్టే డబ్బు న్యాయమా? గేటు తీసేసి, నడిచిన దూరానికే వసూలు చేస్తే బాగుంటుందా? చానా మంది "దూరం లెక్కే న్యాయం" అంటారు. కొందరు "అది వస్తే మన పని అయిపోయినట్టే" అంటారు. రెండు పక్కలా కొంత నిజం ఉంది. లెక్క వేసి చూస్తే ఎవరికి ఎంత నిజమో తేలుతుంది.

కుందారపల్లి కూట్ రోడ్డు దగ్గర రెండు బండ్లు

కుందారపల్లి కూట్ రోడ్డు మనందరికీ తెలిసిందే. వేపనపల్లి వైపు నుంచి వచ్చే దారి అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని కలుస్తుంది. ఎడమకు తిరిగితే కృష్ణగిరి, సుమారు పది కిలోమీటర్లు. కుడికి తిరిగితే హోసూరు, సుమారు నలభై కిలోమీటర్లు. టోల్ గేటు కృష్ణగిరి ఊరికి దగ్గరగా, ఆ పది కిలోమీటర్ల మధ్యలోనే ఉంది.

ఒకే రోజు పొద్దున రెండు పికప్పులు గూళ్ళ సంచులతో బయల్దేరాయి అనుకుందాం. ఒకటి కృష్ణగిరికి, రెండోది హోసూరు గూళ్ళ మార్కెట్టుకు. పది కిలోమీటర్లు పోయిన బండి గేటు దగ్గర పూర్తి టోల్ కట్టింది. నలభై కిలోమీటర్లు పోయిన బండి ఒక్క రూపాయి కట్టలేదు. దాని దారిలో గేటే లేదు మరి. శుక్రవారం సంతకు మేకలు తోలుకొచ్చే బండ్లకూ ఇదే కథ. ఏ వైపు నుంచి వచ్చినారో దాన్ని బట్టి ఒకరికి ఖర్చు, ఇంకొకరికి లేదు.

"మేం పొయ్యేది పది కిలోమీటర్లు, కట్టేది మొత్తం ముక్కకు. ఇదేం న్యాయమప్పా?" అని మొదటి బండి వాళ్ళు అడిగితే తప్పేమీ లేదు. రెండో బండి వాళ్ళు మాత్రం ఏమీ అడగరు. వాళ్ళకు ఇప్పుడున్న పద్ధతే హాయి. టోల్ మీద జనం అభిప్రాయం ఎట్లా తయారవుతుందో ఇక్కడే కనిపిస్తుంది. గేటు మన ఇంటికి ఏ పక్కన ఉందో దాన్ని బట్టే సగం అభిప్రాయం.

ఇప్పుడు టోల్ ఎట్లా లెక్క కడతారు?

జాతీయ రహదారుల మీద టోల్‌కు 2008లో చేసిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ఒక్కో గేటుకు రోడ్డులో ఒక ముక్క కేటాయిస్తారు. ఒకే రోడ్డు మీద ఒకే దిక్కులో రెండు గేట్ల మధ్య కనీసం 60 కిలోమీటర్లు ఉండాలన్నది మామూలు నియమం. మినహాయింపులూ ఉన్నాయి. ఆ ముక్క పొడవును కిలోమీటరు రేటుతో గుణించి గేటు రుసుము కడతారు. అంటే ఇప్పటి టోల్ కూడా పుట్టుకలో దూరం లెక్కే. కాకపోతే అది మనం నడిచిన దూరం కాదు, గేటుకు కేటాయించిన దూరం.

2007-08ని మూల సంవత్సరంగా పెట్టుకుని, కారు, జీపులకు కిలోమీటరుకు 65 పైసలు, చిన్న సరుకు బండ్లకు 1 రూపాయి 5 పైసలు, రెండు ఇరుసుల లారీ, బస్సులకు 2 రూపాయల 20 పైసలు అని నిర్ణయించారు. అప్పటి నుంచి ఏటా 3 శాతం, దానిపైన టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలిపి పెంచుతూ వస్తున్నారు. అందుకే ఏటా ఏప్రిల్ వచ్చిందంటే టోల్ పెరిగిందన్న వార్త తప్పదు.

బైకులకు, ఆటోలకు, ట్రాక్టర్లకు, ఎద్దుల బండ్లకు ఈ నిబంధనల కింద టోల్ లేదు. బైకు మీద ఆకు మోపులు తెచ్చుకునే వాళ్ళకు ఈ గొడవ తగలదు. చోటా హాతీ, పికప్పు, కారు ఉన్నవాళ్ళకే తగులుతుంది.

మనకు ఇప్పటికే ఉన్న తగ్గింపులు

కొత్త పద్ధతి మాట తర్వాత. పాత పద్ధతిలో మనకు ఉన్నవే చానా మంది వాడుకోవడం లేదు. ఇవి రాసి పెట్టుకోండి.

ఒకటి: 24 గంటల లోపల తిరిగి వస్తే, రెండు సార్లు పూర్తిగా కాకుండా, మొత్తం మీద ఒకటిన్నర రెట్లు కడితే చాలు.

రెండు: గేటుకు 20 కిలోమీటర్ల లోపల నివాసం ఉండి, సొంత వాడకానికి ఉన్న కారో జీపో అయితే, నెలవారీ స్థానిక పాస్ తీసుకోవచ్చు. నిబంధనల్లో మూల ధర 150 రూపాయలు. 2025-26లో అది 350 రూపాయల దగ్గర ఉండేది. నెలలో ఎన్నిసార్లు తిరిగినా అంతే. కుందారపల్లి ఈ 20 కిలోమీటర్ల లోపలే వస్తుంది. వేపనపల్లి అవతలి ఊళ్ళ వాళ్ళు దూరం కొలిచి చూసుకోవాలి. ఒక మెలిక కూడా ఉంది. పక్కన సర్వీసు రోడ్డో, వేరే దారో వాడుకోవడానికి ఉంటే ఈ పాస్ ఇవ్వరు అని నిబంధనలోనే రాసుంది.

మూడు: గేటు ఉన్న జిల్లాలోనే రిజిస్టర్ అయిన బాడుగ బండికి, నేషనల్ పర్మిట్ కింద తిరగనిదైతే, సగం రుసుమే. మన గూళ్ళు మోసే పికప్పులు చానావరకు ఈ లెక్కలోకి వస్తాయి. బండి ఓనరు ఆర్‌సీ, పర్మిట్ కాగితాలు చూపించి గేటు ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. బాడుగ మాట్లాడుకునేటప్పుడే "నీ బండికి సగం టోల్ నమోదైందా?" అని అడగండి. కాకపోతే ఆ తేడా చివరికి మన బాడుగలోనే కలుస్తుంది.

నాలుగు: నెలకు 50 సార్లు దాకా తిరిగే వాళ్ళకు మూడింట రెండు వంతుల ధరకే నెల పాస్ ఉంది.

ఐదు: 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. ఆ ధరకు లెక్క వేస్తే గేటుకు 15 రూపాయలు పడింది. కానీ ఇది సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. పసుపు బోర్డు పికప్పుకు రాదు.

ఇంకో జాగ్రత్త. 2025 నవంబరు 15న వచ్చిన నియమం ప్రకారం సరైన ఫాస్టాగ్ లేని బండి నగదు ఇస్తే రెండింతలు, యూపీఐలో కడితే ఒకటింబావు రెట్లు కట్టాల్సి వచ్చింది. మార్కెట్టుకు బయల్దేరే ముందు రాత్రే ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో చూసుకోండి.

దూరం లెక్క అంటే ఏమిటి?

నడిచిన దూరానికే వసూలు చేసే పద్ధతులు రెండు రకాలు.

మొదటిది, ఎక్కిన చోటు, దిగిన చోటు రాసుకుని మధ్య దూరానికి వసూలు చేయడం. ఇది మన తెలుగు వాళ్ళకు కొత్త కాదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో ఇదే పద్ధతి. 2025 ఏప్రిల్‌లో అక్కడ కారుకు కిలోమీటరుకు 2 రూపాయల 44 పైసలుగా పెట్టారు. రెండు ఎగ్జిట్ల దూరం పోతే ఆ దూరానికే, చుట్టూ తిరిగితే మొత్తానికి. ఇది కుదరాలంటే రోడ్డుకు రెండు పక్కలా కంచె ఉండాలి, ఎక్కే దిగే దారులన్నీ కట్టుదిట్టంగా ఉండాలి. మన హోసూరు రోడ్డుకు అడుగడుగునా ఊరి దారులు కలుస్తాయి. ఇక్కడ అది కుదరదు.

రెండోది, బండిలో ఒక పరికరం పెట్టి, ఉపగ్రహాల సాయంతో బండి జాతీయ రహదారి మీద ఎంత దూరం నడిచిందో లెక్క కట్టడం. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 2008 నిబంధనలను సవరించి దీనికి చోటు కల్పించింది. అంతకు ముందు ప్రయోగం చేసి చూసిన రెండు రోడ్లలో ఒకటి మనం రామనగరం మార్కెట్టుకు పోయే దారే, అంటే బెంగళూరు–మైసూరు రహదారి. రెండోది హర్యానాలో పానిపట్–హిసార్ రోడ్డు.

ఆ సవరణలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. నేషనల్ పర్మిట్ బండ్లు కాకుండా మిగతా బండ్లకు, ఉపగ్రహ పద్ధతిలో, రోజుకు ఒక్కో దిక్కులో 20 కిలోమీటర్ల దాకా రుసుము లేదు. 20 దాటితే నిజంగా నడిచిన దూరానికి వసూలు.

ఆ తర్వాత వేగం తగ్గింది. 2025 మే 1 నుంచి దేశమంతా ఉపగ్రహ టోల్ వస్తుందని పుకారు లేస్తే, అటువంటి నిర్ణయమేదీ తీసుకోలేదని ఏప్రిల్‌లో రోడ్డు రవాణా శాఖే ప్రకటించింది. దాని బదులు ముందుగా గేటు కడ్డీ తీసేసి, కెమెరాతో నంబరు ప్లేటును, రీడరుతో ఫాస్టాగ్‌ను చదివి డబ్బు తీసుకునే పద్ధతి మీద పడ్డారు. గుజరాత్‌లోని చోర్యాసీ గేటుకు 2025 ఆగస్టులో ఇటువంటి మొదటి ఒప్పందం కుదిరింది. ఇందులో ఆగే పని లేదు, కానీ లెక్క పాతదే. గేటు ఉన్న చోటు దాటితే ఆ ముక్క మొత్తానికి కట్టాలి. కాబట్టి "కడ్డీ పోయింది" అంటే "దూరం లెక్క వచ్చింది" అనుకోకండి. రెండూ వేరు.

కుందారపల్లి నుంచి దూరం లెక్క వేస్తే

ఇప్పుడు మన రెండు బండ్ల దగ్గరికి మళ్ళీ వద్దాం. 2024 సవరణలో ఉన్నట్టే దూరం లెక్క మన రోడ్డు మీద వచ్చిందనుకుందాం.

కృష్ణగిరికి పోయే బండి: హైవే మీద పది కిలోమీటర్లే. 20 లోపల కాబట్టి సున్నా. ఇప్పుడు పూర్తి టోల్ కడుతున్న బండికి రేపు ఏమీ లేదు.

హోసూరుకు పోయే బండి: నలభై కిలోమీటర్లు. ఇప్పుడు సున్నా. రేపు నలభైకీ కట్టాలి, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ నలభైకి.

ధర్మపురి మార్కెట్టుకు పోయే బండి ఇప్పుడు గేటు దాటుతూ ముక్క మొత్తానికి కడుతుంది. రేపు నడిచిన దూరానికి కడుతుంది. వాళ్ళకు పెద్ద తేడా రాకపోవచ్చు.

వేపనపల్లి అవతల నుంచి వచ్చే వాళ్ళు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. లెక్కలోకి వచ్చేది జాతీయ రహదారి మీద నడిచిన దూరమే. ఊరి నుంచి కూట్ రోడ్డు దాకా వచ్చిన దారికి టోల్ లేదు.

"దూరం లెక్క న్యాయం" అని కృష్ణగిరి వైపు అమ్మే వాళ్ళు అన్నప్పుడు, హోసూరు వైపు అమ్మే వాళ్ళు ఎందుకు మౌనంగా ఉంటారో ఇప్పుడు అర్థమవుతుంది. న్యాయం అన్న మాట ఇద్దరిదీ ఒకటే, బిల్లు మాత్రం వేరు.

కిలో గూళ్ళ మీద ఎంత పడుతుంది?

భయపడే ముందు లెక్క వేద్దాం. చిన్న సరుకు బండికి కిలోమీటరుకు రెండున్నర రూపాయలు అనుకోండి. ఇది లెక్క కోసం అనుకున్న అంకె, ప్రకటించిన రేటు కాదు. హోసూరుకు పోయి రావడానికి 80 కిలోమీటర్లు, 200 రూపాయలు. బండిలో 100 కిలోల గూళ్ళే ఉంటే కిలోకు 2 రూపాయలు. నలుగురు రైతులు కలిసి 400 కిలోలు తీసుకుపోతే కిలోకు 50 పైసలు.

మార్కెట్టులో ఒక్క రోజులో గూళ్ళ ధర ఎంత ఆడుతుందో మీకు తెలుసు. తడి గూళ్ళు, డబుల్ గూళ్ళు ఏరకుండా పోతే కిలోకు ఎంత పోతుందో కూడా తెలుసు. వాటి ముందు టోల్ చిన్న ఖర్చే. టోల్ మిగిలించుకోవాలని ధర తక్కువ ఉన్న మార్కెట్టుకు పోతే నష్టం మనకే. ఏ మార్కెట్టుకు పోవాలన్నది ధర చూసి తేల్చుకోవాలి, గేటు చూసి కాదు.

టోల్ నిజంగా కొరికేది ఇంకో చోట. ఆకు. నాలుగో జ్వరం లేచాక పురుగు తినే తిండి మనకు కొత్త సంగతి కాదు. మొత్తం పంటలో తినే ఆకులో నూటికి ఎనభై పైగా ఆ చివరి దశలోనే పోతుంది. సొంత తోట చాలక, గేటుకు అవతల తోట గుత్తకు పట్టిన వాళ్ళు ఆ వారం రోజులూ పూటపూటా చోటా హాతీలో ఆకు తేవాలి. గూళ్ళకు పంటకు ఒక్క ట్రిప్పు, ఆకుకు పదీ పదిహేను ట్రిప్పులు. ఇటువంటి వాళ్ళకు దూరం లెక్క పెద్ద ఊరట కావచ్చు.

కానీ ఆ నిబంధనలో "రోజుకు ఒక్కో దిక్కులో 20 కిలోమీటర్లు" అని ఉంది, ట్రిప్పుకు అని కాదు. ఏడు కిలోమీటర్ల దూరంలో తోట ఉన్న రైతు రోజుకు మూడు సార్లు పోతే ఒక దిక్కులో 21 కిలోమీటర్లు అవుతుంది. అప్పుడు 20 దాటినట్టా, దాటనట్టా? రోజు మొత్తం కూడితే దాటినట్టే, ట్రిప్పు ట్రిప్పుకు చూస్తే దాటనట్టు. మన లాంటి వాళ్ళకు ఈ ఒక్క మాట మీదే లాభనష్టాలు ఆధారపడతాయి.

జనం ఏమంటారు, ఎందుకంటారు?

మన గ్రూపులో, టీ అంగళ్ళలో వినే మాటలు మొత్తం నాలుగు రకాలు.

"రోడ్డు టాక్స్ కట్టినాం, డీజిల్ మీద సెస్సు కట్టినాం, మళ్ళీ టోల్ ఎందుకు?" ఈ మూడూ వేరు వేరు జేబులకు పోతాయి. రోడ్డు టాక్స్ రాష్ట్రానికి. డీజిల్, పెట్రోలు మీది సెస్సు కేంద్ర రోడ్డు, మౌలిక సదుపాయాల నిధికి. టోల్ ఆ రహదారి ముక్కకు. జేబులు వేరైనా ఇచ్చే చెయ్యి ఒకటే కదా అన్న బాధ నిజమే. ఇంకో మాట. డీజిల్ పన్ను కూడా ఒక రకంగా దూరం లెక్కే. ఎక్కువ తిరిగితే ఎక్కువ డీజిల్, ఎక్కువ పన్ను. కరెంటు బండ్లు పెరిగితే ఆ పన్ను తగ్గిపోతుంది. చానా దేశాలు దూరం లెక్క గురించి ఆలోచించడానికి పెద్ద కారణం ఇదే. న్యూజిలాండ్‌లో డీజిల్ బండ్లకు 1978 నుంచే కిలోమీటర్ల లెక్కన రుసుము ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి కరెంటు కార్లనూ అందులో చేర్చారు.

"మనం ఎక్కడికి పోయేదీ గవర్నమెంటుకు తెలిసిపోతుంది." ఇది ఉత్త అనుమానమని కొట్టేయకూడదు. ఉపగ్రహ పద్ధతిలో బండి నడిచిన దారి రికార్డవుతుంది. ఆ రికార్డు ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు ఉంటుందో అడిగే హక్కు మనకు ఉంది. అయితే ఉపగ్రహం లేకుండానూ దూరం లెక్క కట్టవచ్చు. న్యూజిలాండ్‌లో వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందే కొనుక్కుంటారు, బండి మీటరు రీడింగుతో సరిచూస్తారు. ఎంత నడిచిందో తెలుస్తుంది, ఎక్కడ నడిచిందో తెలియదు.

"ముందు తక్కువ పెడతారు, అలవాటయ్యాక పెంచుతారు." ఏప్రిల్ ఏప్రిల్‌కు పెరిగే టోల్ చూసిన వాళ్ళు ఇట్లా అనుకోవడం సహజం. దీనికి మందు మాటలు కాదు. పెంచే సూత్రం ముందే రాసి, అందరికీ తెలిసేట్టు పెట్టడం.

"నడిచినంతకే కట్టేది న్యాయం." కరెంటు మీటరు లాగా, వాడినంతకే బిల్లు. వినడానికి దీన్ని మించిన న్యాయం లేదు. కానీ ఎవరు ఎక్కువ నడవాల్సి వస్తుంది? మార్కెట్టు దగ్గర ఉన్నవాడు కాదు, దూరంగా ఉన్నవాడు. దూరం మనం ఎంచుకున్నది కాదు, మార్కెట్టు ఎక్కడ కట్టారో దాన్ని బట్టి మనకు వచ్చింది.

బ్రిటనీ రైతులు ఎర్ర టోపీలు ఎందుకు పెట్టుకున్నారు?

ఈ చివరి మాటకు మంచి ఉదాహరణ ఫ్రాన్స్‌లో ఉంది. ఆ దేశానికి పడమటి కొసన ఉన్న బ్రిటనీ పాడి, పందుల పెంపకం, కోళ్ళు, కూరగాయల సీమ. అక్కడి సరుకు పెద్ద మార్కెట్లకు చేరాలంటే దూరం పోవాలి. 3.5 టన్నులు దాటిన లారీల మీద, ఉపగ్రహం సాయంతో, నడిచిన కిలోమీటర్లకు పన్ను వేయాలని ఫ్రాన్స్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. రోడ్ల మీద కెమెరాల కమానులు కూడా నిలబెట్టింది. కొసన ఉన్న సీమ కదా అని బ్రిటనీకి సగం తగ్గింపు ఇస్తామంది. అయినా 2013 అక్టోబరులో రైతులు, కూలీలు, చిన్న కంపెనీల వాళ్ళు ఎర్ర టోపీలు పెట్టుకుని రోడ్డెక్కారు, కమానులు కూల్చారు. 1675లో అదే సీమలో పన్నుల మీద జరిగిన తిరుగుబాటుకు గుర్తు ఆ టోపీ. అక్టోబరు చివర్లో ప్రభుత్వం పన్ను ఆపేసింది, మరుసటి ఏడాది వదిలేసింది. కట్టిన కమానులు, పెట్టిన ఖర్చు వృథా అయ్యాయి.

బ్రిటన్‌లోనూ ఇటువంటిదే. కిలోమీటర్ల లెక్కన రోడ్డు రుసుము వద్దని 2007లో ప్రధాని కార్యాలయానికి పంపిన అర్జీ మీద 18 లక్షల మందికి పైగా సంతకం చేశారు. ఆ ఆలోచన అక్కడితో అటకెక్కింది.

కానీ ఇంకో రకం కథ కూడా ఉంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఊరి నడిబొడ్డుకు వచ్చే బండ్ల మీద రుసుము పెడతామన్నప్పుడు ఎక్కువ మంది వద్దన్నారు. ఇది దూరం లెక్క కాదు, హద్దు దాటితే కట్టేది. అక్కడి వాళ్ళు ఒక పని చేశారు. 2006 జనవరి నుంచి జూలై దాకా ఏడు నెలలు ప్రయోగంగా పెట్టి, ఆపేసి, సెప్టెంబరులో జనాన్ని ఓటు అడిగారు. హద్దు దాటే బండ్లు ఐదింట ఒక వంతు తగ్గడం జనం కళ్ళారా చూశారు. స్టాక్‌హోమ్ ఊరి ఓటర్లలో సగానికి కొంచెం ఎక్కువ మంది ఔనన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది.

మన దగ్గర ఫాస్టాగ్ కథ కూడా కొంత ఇట్లాంటిదే. 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి చేసినప్పుడు ఎంత గొణుగుడు విన్నామో గుర్తుందా? ఇప్పుడు చిల్లర కోసం గేటు దగ్గర నిలబడే రోజులు రావాలని ఎవరూ కోరుకోరు. ఫాస్టాగ్ డబ్బు తగ్గించలేదు, కానీ టైము మిగిలించింది. ఆ మిగిలింది కనిపించింది కాబట్టి జనం ఒప్పుకున్నారు.

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. జనం రుసుము అనగానే కాదనరు. ముందే లెక్క చూపించి, ప్రయోగం చేసి, అడిగితే ఒప్పుకుంటారు. దూరంగా ఉన్నవాళ్ళ మీద ఒక్కసారిగా వేస్తే, సగం తగ్గిస్తామన్నా ఒప్పుకోరు.

మనం ఏం అడగాలి?

కాబట్టి "దూరం లెక్క కావాలి" అనో "వద్దు" అనో ఒక్క మాటలో తేల్చడం మనకు పనికిరాదని మా అభిప్రాయం. మన రోడ్డు మీదికి అది ఎప్పుడు వచ్చినా, రాక ముందే ఈ ఐదు సంగతులు కాగితం మీద తేలాలి.

1. ఉచితంగా ఇచ్చే 20 కిలోమీటర్లు ట్రిప్పుకా, రోజు మొత్తానికా? ఆకు మోసే వాళ్ళకు ఇదే ముఖ్యం.

2. 20 దాటితే మొదటి కిలోమీటరు నుంచీ కట్టాలా, దాటిన దానికేనా? హోసూరు బండికి ఇందులోనే సగం తేడా ఉంది.

3. జిల్లా బాడుగ బండ్లకు ఇప్పుడున్న సగం రుసుము, తిరుగు ప్రయాణానికి ఒకటిన్నర రెట్ల లెక్క కొత్త పద్ధతిలో ఉంటాయా, పోతాయా? ఉన్నది పోగొట్టుకుని కొత్తది తెచ్చుకుంటే లాభం ఏముంది?

4. సర్వీసు రోడ్డు మీద పోయే బండిని హైవే మీద పోయినట్టు లెక్క కడితే ఎవరిని అడగాలి? రెండు రోడ్ల మధ్య ఉండేది కొన్ని మీటర్లే. తప్పు లెక్క వస్తే డబ్బు వెనక్కి ఎన్ని రోజుల్లో వస్తుంది?

5. బండిలో పెట్టే పరికరం ఖర్చు ఎవరిది? నెలకు రెండు సార్లు హైవే ఎక్కే చిన్న బండికి కూడా తప్పనిసరా?

ఇవి గ్రామసభలో అడగవచ్చు. కలెక్టరేట్‌లో నెలనెలా జరిగే రైతుల సమస్యల పరిష్కార సమావేశంలో అర్జీగా ఇవ్వవచ్చు. ఒక్కరు అడిగితే వినరు. కృష్ణగిరి వైపు అమ్మే వాళ్ళు, హోసూరు వైపు అమ్మే వాళ్ళు కలిసి అడిగితే వింటారు. ఇద్దరికీ సరిపోయే అడుగు కూడా ఒకటి ఉంది. పంట అమ్ముకోను పోయే బండికి, ఆకు మోసే బండికి, ఏ మార్కెట్టుకు పోయినా, ఏ పక్కకు పోయినా ఒకే తగ్గింపు. గేటు ఎక్కడున్నా, పరికరం ఏదైనా ఈ మాట మారనక్కర లేదు.

ఈలోగా మన చేతిలో ఉన్న పనులు చేసుకుందాం. గూళ్ళు ఒకే రోజు దించే వాళ్ళు ముందే గ్రూపులో రాసి బండి కలుపుకోండి. బాడుగ బండికి సగం టోల్ నమోదు చేయించండి. సొంత కారు ఉంటే స్థానిక పాస్ అడగండి. ఈ మూడూ ఈ నెలలోనే అయ్యే పనులు, ఏ కొత్త చట్టం కోసమూ ఆగనక్కర లేదు.

చివరగా మీకో చిన్న పని. పోయిన పంటకు మీ బండి గేటు ఎన్నిసార్లు దాటింది, గూళ్ళకు ఎన్నిసార్లు, ఆకుకు ఎన్నిసార్లు, మొత్తం ఎంత కట్టారు? ఫాస్టాగ్ మెసేజీలు ఫోన్లోనే ఉంటాయి, చూసి చెప్పండి. రాయడం కుదరకపోతే వాయిస్ పెట్టండి. అన్నీ కలిపి వచ్చే సంచికలో లెక్క వేసి ఇస్తాం. అర్జీ రాసేటప్పుడు మన మాట కన్నా ఆ లెక్కకే బలం ఎక్కువ.